మీరు మాకేమీ కారండి

మొన్న మధ్యాహ్నం క్లాసు ముగించుకుని స్టాఫ్ రూములో టీ తాగుతుంటే, ఫైనలియర్ కుర్రాడొకడు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పర్యావరణం చూసే ఒక సర్కారు ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి ఆన్‌లైన్లో దరఖాస్తు పెడుతున్నాడట, ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడట. "ఇక్కడ ఏం నొక్కాలండి మేడం?" అని చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఈ కార్యాలయంలో మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా? కింద అవును, లేదు అని రెండు గళ్ళు. "దీనికి నన్నడగటమేంట్రా, ఉన్నారా లేరా?" అన్నాను. వాడు బుర్ర గోక్కుని, "తెలీదండి, మా తాతయ్యనడగాలి" అన్నాడు. పక్కనున్న మాస్టార్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ టీ గ్లాసు పక్కన పెట్టేశాను. మా బాబాయి గుర్తొచ్చాడు.

నేను తెనాలిలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. చెప్పడం హాయైన పనే. వాళ్ళకి ఇంటర్న్‌షిప్పులు వెతికిపెట్టడం మాత్రం పెళ్ళిసంబంధాలు చూడటం కన్నా కష్టం. పాల డెయిరీల వాళ్ళు రానిస్తారు, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ప్రైవేటు ల్యాబుల వాళ్ళు రానిస్తారు. పిల్లల చూపంతా మాత్రం సర్కారు ఆఫీసు మీదే. ఫలానా ఆఫీసు అనగానే తల్లిదండ్రులు నన్నడిగే మొదటి మాట, "అక్కడ మనవాళ్ళెవరన్నా ఉన్నారా మేడం?" మా వైపు ఏ పనైనా ఇలాగే మొదలవుతుంది. ఆసుపత్రికి వెళ్ళాలన్నా, బడిలో పిల్లని చేర్పించాలన్నా, అక్కడ మనవాడెవడో ముందు కనుక్కుంటారు. ఎవడూ లేకపోతే వరస కలిపి ఒకణ్ణి మనవాణ్ణి చేసుకుంటారు. ఆ విద్యలో మా బాబాయిని మించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

బాబాయంటే మా నాన్నకి ఆఖరి తమ్ముడు. పెనుమూడి పక్క పల్లెలో వ్యవసాయం. రేపల్లెలో తెనాలి ప్యాసింజరు ఎక్కాడంటే, ఎదురుగా కూర్చున్నవాడి ఊరు, ఇంటిపేరు, వాళ్ళమ్మ పుట్టిల్లు అన్నీ అడిగి, వేమూరు వచ్చేసరికల్లా వాడు తనకి బావమరిదవుతాడో అన్న కొడుకవుతాడో తేల్చేసేవాడు. ఏ దారీ దొరక్కపోతే, "మీ ఊళ్ళో మా తోడల్లుడు పొలం కౌలుకి చేశాడండి, అంటే మనం మనం ఒకటే" అనేవాడు. పిన్ని తల పట్టుకునేది. "ఈయనతో రైలెక్కితే దిగేసరికి నాకు కొత్త ఆడపడుచులు తయారవుతారే" అని నాతో చెప్పి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆయన ఇంకో వరస కలిపేవాడని నా అనుమానం.

ఆయనకి ఇంకొక గర్వం, పెరట్లో బోరు. ఊరంతా చెరువునీళ్ళు కావిళ్ళతో మోసుకునే రోజుల్లో చేతిపంపు వేయించాడు. తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఇంటికెవరొచ్చినా ముందు గ్లాసుడు నీళ్ళు చేతికిచ్చి, తాగినంతసేపూ వాళ్ళ మొహంలోకే చూసేవాడు. పోనుపోను ఆ చుట్టుపక్కల బోర్లన్నిట్లో నీళ్ళ రుచి మారింది, జనం డబ్బానీళ్ళకి అలవాటుపడ్డారు. బాబాయి గడపలోకి మాత్రం డబ్బా రాలేదు. "మన నీళ్ళుండగా కొనుక్కు తాగే ఖర్మేంటి మనకి?" అనేవాడు. పిన్ని ఆ నీళ్ళే తాగింది. చివరికి కిడ్నీలు పాడై, తెనాలిలో మా ఇంట్లో ఉండి వైద్యం చేయించుకుంటూ అక్కడే పోయింది. ఆసుపత్రిలో ఒకరోజు నర్సమ్మ మాటల సందున, "ఇంట్లో ఏ నీళ్ళు తాగేవారండి?" అని అడిగింది. డాక్టరు బీపీ అన్నాడు, వయసన్నాడు, కారణాలు సవాలక్ష ఉంటాయన్నాడు. అవేమీ బాబాయి చెవికెక్కలేదు. నర్సమ్మ అడిగిన మాటొక్కటే మనసులో పడిపోయింది. పిన్ని పోయాక ఆయన రైల్లో ఎవరినీ ఊరడగటం మానేశాడు.

ఆయన కూతురి కూతురు అప్పుడు మా కాలేజీలోనే ఫైనలియర్. అమ్మానాన్నలు ఉద్యోగాల కోసం హైదరాబాదులో ఉంటే, అమ్మమ్మ చేతిముద్దలు తిని పెరిగిన పిల్ల. ఇంటర్న్‌షిప్ మాట రాగానే, "బాపట్లలో పర్యావరణం చూసే సర్కారు ఆఫీసుకి ల్యాబుంది కదా పెద్దమ్మా, అక్కడే చేస్తాను. పని నేర్చుకుని మన బోరు నీళ్ళు నా చేత్తోనే పరీక్ష చేస్తాను" అంది. ఆ నీళ్ళు ఎక్కడిచ్చినా చేసిపెడతారు కదే అంటే, "ఎవరో చేసి చెబితే తాతయ్య నమ్మడు. నీళ్ళు మంచివంటే నన్ను ఓదార్చడానికన్నారంటాడు. నేను చెయ్యాలి, పైన సర్కారు ముద్ర ఉండాలి" అంది. దాని చదువుకి ఏ ఇంటర్న్‌షిప్పైనా సరిపోయేది. పిన్నిని చేజేతులా చంపుకున్నానేమోనని లోపల్లోపల కుమిలిపోతున్న ఆ ముసలాయనకి మాత్రం వేరే దారి లేదు.

ఫోన్ చేస్తే అక్కడి అధికారి, ఖాళీ ఒక్కటే మిగిలిందని, పిల్లని తీసుకురమ్మని ముక్తసరిగా చెప్పాడు. నేను వద్దంటున్నా వినకుండా బాబాయి కూడా బయల్దేరాడు. ఇస్త్రీ పంచె, చేతిసంచీలో తడిగుడ్డ చుట్టిన సీసా, అందులో బోరు నీళ్ళు. తెనాలిలో నేను కలిస్తే ముగ్గురం బాపట్ల రైలెక్కాం. చీరాల వెళ్ళే ఆవిడ ఒకరు చీరల మూట సర్దుకుని కూర్చుంటూ, "ఏ ఊరన్నయ్యగారూ మీది?" అని తనే పలకరించింది. "రేపల్లె వైపమ్మా" అని ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. అయినా నా జాగ్రత్త నాది కదా, "అక్కడ నువ్వేం మాట్లాడకు బాబాయ్" అన్నాను. "నేనేం మాట్లాడతానమ్మా" అన్నాడు.

నిజంగానే మాట్లాడలేదు. అధికారికి నలభై దాటి ఉంటాయి, సన్నగా, మాటకి మాట కొలిచినట్టుండే మనిషి. చేతిపంపు నుంచి నీళ్ళు పరీక్షకి ఎలా పట్టుకొస్తావమ్మా అని అడిగాడు. ముందు కాసేపు కొట్టి పాతనీళ్ళు పోనిచ్చి, ఆ నీళ్ళతోనే సీసా తొలిచి, అప్పుడు పడతానండి అంది పిల్ల. ఇంకా ఏవో అడిగాడు, అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. "సోమవారం నుంచి రామ్మా" అన్నాడు. నా గుండెలమీంచి బరువు దిగింది. ఇక లేచి నమస్కారం పెట్టి వచ్చెయ్యడమే. అంతలో ఆయనే మర్యాదకి బాబాయి వైపు తిరిగి, "ఏ ఊరండి మీది?" అన్నాడు.

"పెనుమూడి పక్కనండి."

"అలాగాండి! మా అమ్మగారి పుట్టిల్లు కూడా అటే."

అయిపోయింది. బాబాయి కళ్ళలోకి ఎన్నాళ్ళకో వెలుగొచ్చింది. నేను కాలు తొక్కాను, మోచేత్తో పొడిచాను, ఊహూ! అమ్మగారి ఇంటిపేరేంటండి, వాళ్ళ నాన్నగారు అన్నదమ్ముల్లో ఎన్నోవారండి, పెంకుటిల్లు ముందు రేగుచెట్టుండేది వాళ్ళదేనాండి? ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వెళ్ళి, "అయితే మీ అమ్మగారూ మా ఆవిడా అన్నదమ్ముల బిడ్డలండి! నేను మీకు సొంత బాబాయినవుతాను. ఈ పిల్లకి మీరు మేనమామ! ఇంక దీని గురించి నాకు బెంగలేదు" అన్నాడు. ఆ అధికారి కుర్చీలోంచి లేచేశాడు. "పెరట్లో పంపున్న ఇల్లా? సెలవులకి అమ్మ తీసుకొచ్చేదండి. పిన్ని మమ్మల్నందర్నీ ఆ పంపు కింద కూర్చోబెట్టి తలంట్లు పోసేది. ఎలా ఉందండి పిన్ని?" అన్నాడు. బాబాయి తల దించుకున్నాడు. లేదండి, పోయిందండి అని నేనే చెప్పాను.

ఆ అధికారి నెమ్మదిగా కూర్చుని, "నన్ను క్షమించండి. ఈ అమ్మాయిని నేను తీసుకోకూడదండి. ఇక్కడ ఎంపిక చేసేది నేనొక్కణ్ణే, దగ్గర బంధువులైతే వద్దని నిబంధన. తెలియకముందు వేరు. మేనకోడలని తెలిశాక సంతకం పెట్టలేను" అన్నాడు. పోనీ ఏదో ఒకటి చూడండని నేను బతిమాలాను. ఆయన మొహం చూస్తే ఆయన బాధే ఎక్కువలా ఉంది గానీ మాట మార్చలేదు.

అప్పుడు మా బాబాయి చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్ళు చెమరుస్తాయి. గబుక్కున చేతులు జోడించి, "కాదండి, నేను పొరబడ్డానండి. ఆ రేగుచెట్టు ఇల్లు వేరే వాళ్ళదండి. పెద్దవాణ్ణి, మతిమరుపు. మీరు మాకేమీ కారండి" అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి వరసలు కలపడమే తెలిసిన మనిషి, ఒక వరస తెంపడానికి అవస్థ పడుతున్నాడు. "ఏమీ కారండి బాబూ, దేవుడి తోడు" అని మళ్ళీ అన్నాడు. ఆ అధికారి లేచొచ్చి ఆ చేతులు పట్టుకుని, "అవుతానండి బాబాయ్. పిన్ని చేతి అన్నం తిన్నాను, కాదని ఎలా అంటాను?" అన్నాడు. పిల్ల ఏడవలేదు. సంచీ అందుకుని తాతయ్యని మెట్లు దింపింది.

పిల్ల చివరికి ఒక ప్రైవేటు ల్యాబులో చేరింది. బాబాయి అన్నం మానేసి మంచమెక్కాడని తెలిసి ఆదివారం పూట నేను వెళ్ళాను. పొద్దున్నే గుమ్మం ముందు కారాగింది. ఆ అధికారి, భార్యతో సహా, పిన్ని పోయినందుకు పరామర్శకి వచ్చాడు. బాబాయి లేచి, అలవాటు చొప్పున లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. సగం దూరం వచ్చి ఆగిపోయాడు. చెయ్యి ముందుకి రాలేదు, వెనక్కీ పోలేదు. నీళ్ళు తొణికి పాదాల మీద పడుతున్నాయి. ఆ అధికారే లేచి ఆ గ్లాసు అందుకుని పక్కన పెట్టి, "ఏంటి బాబాయ్ సంగతి?" అన్నాడు. అప్పుడు బాబాయి నర్సమ్మ మాట దగ్గర్నుంచీ అంతా చెప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆయన మేనకోడల్ని పిలిచి, పంపు దగ్గర పక్కన నిలబడి దాని చేతే నీళ్ళు పట్టించాడు. ఎవరైనా తెచ్చుకునే పద్ధతిలోనే సీసా మా ఆఫీసు ల్యాబుకి పంపిద్దాం, మనవాళ్ళదని చెప్పకుండా పరీక్ష చేయిద్దాం అన్నాడు. అలాగే చేయించాడు. ముద్రతో ఫలితం వచ్చిన రోజు ఆయనే స్వయంగా వచ్చి చెప్పాడు. నీళ్ళు తాగడానికి పనికిరావు, ఉప్పు బాగా పెరిగింది, ఇక పంపు వాడకండి అన్నాడు. బాబాయి నిబ్బరంగానే విన్నాడు. "మరి ఆవిడ తాగిన నీళ్ళో?" అని అడిగాడు. "ఇది ఇప్పటి నీళ్ళ సంగతే చెబుతుంది బాబాయ్. అప్పుడెలా ఉండేవో, ఆ జబ్బు వాటివల్ల వచ్చిందో లేదో, దీంట్లో తేలదు" అన్నాడు ఆయన. అవునని గానీ కాదని గానీ ఒక్క అబద్ధం ఆడి ఉంటే బాగుండునని ఆ క్షణాన నాకనిపించింది. మర్నాడు బాబాయి పంపు పిడి తీయించి, డబ్బానీళ్ళు తెప్పించాడు. పోయేదాకా అవే తాగాడు, ఏ రోజూ బాగున్నాయనలేదు. ఆ అధికారి మాత్రం ప్రతి పండక్కీ వచ్చి వెళ్ళేవాడు, పాడె మోసినవాళ్ళలో ఆయనొకడు.

కుర్రాడు ఫోను పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. "మీ తాతయ్యనే అడుగు, ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు నొక్కు" అని పంపించాను. నీళ్ళలో ఏముందో పట్టుకోవడం ఏటేటా పిల్లలకి నేర్పుతూనే ఉన్నాను. ఎంత శుభ్రంగా తొలిచిన సీసాలోకైనా ఇవాళ్టి నీళ్ళే వస్తాయి. అప్పటివి పిన్ని తాగేసింది.