సాలమన్ నమ్మకం

సుంగై పెటాని దగ్గర తెల్లదొర రబ్బరు తోటలో కూలీలంతా ఆదివారం చర్చికి పోతుంటే, సాలమన్ ఇంటి గుమ్మంలో కూర్చుని చెట్లు గీసే కత్తికి పదును పెట్టుకునేవాడు. చెవి వెనక సగం కాల్చిన చుట్ట, పెదవి చివర కొంటె నవ్వు. దేవుడున్నాడా అంటే, "నాకు కనపడనేదు. నీకు కనపడితే నేనడిగినానని సెప్పు" అనేవాడు. భార్య పౌలిన్‌దీ అదే మాట. కానీ వాళ్లకు కూతురు పుట్టగానే, బిడ్డకు జ్ఞానస్నానం చేయించేదాకా అన్నం ముట్టనని అత్త మాగ్డలీన్ మొండికేసింది. రెండో రోజు ఆమె గోడ పట్టుకుని నడవడం చూడలేక, సాలమన్ బిడ్డను ఎత్తుకుని, అత్తను వెంటబెట్టుకుని చర్చికి బయల్దేరాడు.

"దేవుణ్ణి నమ్ముతున్నావా?" అని ఫాదర్ అడిగాడు.

అబద్ధమాడటం సాలమన్‌కు చేతకాదు. "నేదు ఫాదరూ. మా అత్తని నమ్ముతాను. తిననంటే తినదు."

చర్చంతా గొల్లున నవ్వింది. ఫాదర్ కూడా నవ్వాపుకుంటూ, జ్ఞానతల్లిగా నిలబడి జవాబులు చెప్పమని మాగ్డలీన్‌ను పిలిచాడు. నీరసంగా ఉన్నా ఆమె గొంతు ఖంగుమంది. తలమీద నీళ్లు పడగానే పసిది కెవ్వుమంది.

"తుడిసెయ్యి అల్లుడా, జలుబు సేస్తాది!" అంటూ మాగ్డలీన్ కంగారుగా కొంగు చాచింది.

సాలమన్ బిడ్డ తలకు చెయ్యి అడ్డం పెట్టాడు. "కాసేపు ఉండనీ అత్తా. రెండు రోజులు పస్తుండి పోయించినావు."