పలక మీద నా తువ్వాలు

కరోనా సద్దుమణిగాక దుబాయి దగ్గరి రాస్ అల్ ఖైమాలో ఒక గోడౌనులో టీ కాచి, నేల తుడిచే పనికి కుదిరాను. అక్కడ అమ్మేది ఒకటే సరుకు: చిన్న సోలారు పలక, బ్యాటరీ పెట్టె, మూడు బల్బులు. కరెంటు తీగ చేరని ఆఫ్రికా పల్లెల కోసం. చాన్నాళ్ళుగా డబ్బాలు కదల్లేదు. ఉగాండా నుంచి ఒక వ్యాపారస్థురాలు వస్తోందనీ, ఆవిడా కొనకపోతే గోడౌను ఖలాస్, అందరూ సామాను సర్దుకోవాల్సిందేననీ మా ముదీర్, అదే మేనేజరు, చెప్పేశాడు.

ఆవిడ వచ్చింది. నిలువెత్తు మనిషి, పసుపుపచ్చ గౌను. సరుకు అమ్మే నెల్లూరు అబ్బాయి వాట్లనీ, గంటలనీ ఊదరగొట్టాడు. ఆవిడ ఆవలించి ఏదో అడిగింది.

"చదువు రానోళ్ళు దీన్ని సొంతంగా బిగించుకోగలరా అంటుండాది పిన్నమ్మా," అన్నాడు వాడు నన్ను చూసి.

"నాకు చదువొచ్చురా!"

"తెలుగే గదమ్మా! ఎట్టా బిగించాలో చెప్పే ఈ పుస్తకం ఇంగ్లీషు. బొమ్మలు చూసి బిగించు. మా అందరి కూడు నీ చేతిలో ఉండాది."

నిజమే. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక, ఈ దేశంలోనే, గదిలో తోటి ఆడవాళ్ళ దగ్గర. ఇంగ్లీషు దాకా పోలేదు.

బొమ్మలు చూస్తూ తీగలు గుచ్చాను. పలకను వాకిట్లో ఎండకు వాల్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఖాళీ బ్యాటరీ నిండేలోపు భోజనం చేసొద్దామని ముదీర్ ఆవిడను తీసుకెళ్ళాడు.

తిరిగొచ్చి మీట నొక్కారు. వెలగలేదు. మళ్ళీ నొక్కారు. ముదీర్ మొహం మాడిపోయింది. నెల్లూరోడు వాకిట్లోకి పరిగెత్తి అక్కణ్ణుంచే కేకపెట్టాడు.

"ఏందిమా ఇదీ?"

పలక నిండా నా తువ్వాలు. ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు.

"ఇసుక గాలి కదరా! కొత్త వస్తువు, దుమ్ము పడదా? టీవీ కొన్నప్పుడు కూడా గుడ్డ కప్పాను."

"టీవీ ఎండ తింటదా పిన్నమ్మా?"

ఆవిడ బయటికొచ్చి చూసింది. వాడు సిగ్గుపడుతూనే నా మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. అంతే, ఆవిడ తొడ చరిచి, అట్టపెట్టె మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. కిందటిసారి వేరేచోట కొన్న పలకల్లో సగం పనిచెయ్యడం లేదంటూ ఊళ్ళ నుంచి తిరిగొచ్చాయట. అక్కడి ఆడవాళ్ళూ దుమ్ము పడుతుందని గుడ్డలు కప్పారేమో, ఆ సంగతి తనకు తట్టనే లేదంది.

"పుస్తకం మొదటి పేజీలో ఈమె బొమ్మ వెయ్యండి. అలా చెయ్యొద్దని చూపించండి. సరుకంతా నేనే తీసుకుంటాను."

"యల్లా! యల్లా!" అంటూ ముదీర్ గోడౌనంతా గంతులేశాడు. నేను తువ్వాలు నెత్తిన చుట్టుకుని ఆయన వెనక గంతులేశాను. నెల్లూరోడు నన్ను నిలబెట్టి, నవ్వుతూనే, పలకకు తువ్వాలు కప్పుతున్నట్టు అక్కడికక్కడే నా బొమ్మ గీశాడు.

"ముక్కుపుడక ఏదిరా?"

"గీస్తానుండుమా, ముందు కదలకుండా నిలబడు!"

బొమ్మ పూర్తయ్యాక, ఇలా చెయ్యొద్దని గుర్తుగా ఈ మూల నుంచి ఆ మూలకు రెండు ఎర్ర గీతలు కొట్టాడు. పుడక మీద మాత్రం గీత పడనివ్వలేదు నేను.