అమ్మ తియ్యమన్న కిటికీ

నా చిన్నప్పుడు కాటేదాన్‌లో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. తమ్ముడు పుట్టిన తొమ్మిదో రోజు పొద్దున, అమ్మకు నీళ్లు పోసి పడుకోబెట్టి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టారు. బాలింతకు గాలి తగలకూడదని మా అమ్మమ్మ పట్టుదల. ఆమె కాన్పులకూ అలాగే చేశారట. కిటికీ సందుల్లో నా చేతే పాత చీర పేలికలు కుక్కించి, తలుపు మూసి, బయట నన్ను కాపలా పెట్టింది. తను తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని వాకిట్లో ఎండకు కూర్చుంది.

కాసేపటికి లోపలి నుంచి అమ్మ పిలిచింది. "తల నొస్తుంది బిడ్డా, జర కిటికీ తియ్యి." అమ్మమ్మ తిడుతుందని నేను కదల్లేదు. పైగా, పెద్దల మాట వినే పిల్లనని లోలోపల మురిసిపోయాను కూడా. అమ్మ మళ్లీ పిలవలేదు. నిద్ర పట్టిందనుకున్నాను.

పక్కింటి అక్క దవాఖానలో నర్సు. చర్చి నుంచి వస్తూ పసివాణ్ణి చూసిపోదామని వచ్చింది. తలుపు తీస్తూనే కేక పెట్టింది. అమ్మను వాకిట్లోకి మోసుకొచ్చారు. ఊపిరి ఆడుతోంది, కళ్లు తెరవడం లేదు. దవాఖానలో ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్కు పెట్టారు.

బయటి గాలికి తెచ్చాం కదా, ఇంకా ఎందుకు లేవడం లేదని ఏడ్చాను. అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నెత్తురు బస్సు అనుకో. మంచిగాలి కూసునే సీట్లల్ల కుంపటి విషగాలి కూసుంది. మొండిది, జల్ది లేవదు. కానీ లేచుడు, కూసునుడు నడుస్తనే ఉంటది. గీ మాస్కుతోని మంచిగాలిని గుంపుగ ఎక్కిస్తే, అది లేచిన సీటల్ల ఇది కూసుంటది. తలుపులు మూసిన కాడ దాని గుంపు పెరిగింది, గందుకే గిట్లయింది."

కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ బోర్డు మీద ఎదురెదురుగా రెండు బాణాలు గీసి, ఒకవైపు గాఢత పెంచితే సమతాస్థితి రెండోవైపుకు జరుగుతుందని చెప్పినప్పుడు, అందరూ రాసుకున్నారు. నాకు కనిపించింది ఆ మాస్కే.

ఆ రోజు మధ్యాహ్నం దాటాక అమ్మ కళ్లు తెరిచింది. కిటికీ తియ్యమన్న మాట ఆమెకు గుర్తే లేదు. నేనూ చెప్పలేదు. ముసలితనంలో ఆమె కన్నుమూసేదాకా చెప్పలేకపోయాను.

ఇప్పుడు శంషాబాద్‌లో ఉంటున్నాను. విమానాల మోత అని మనవలు కిటికీ మూస్తారు, నేను లేచి తెరుస్తాను. ముసలమ్మకు చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇంట్లో ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేస్తాను. అమ్మ రెండోసారి పిలవలేదు.