చిన్నాన్న ఉంచుకున్న చప్పట్లు

నిన్న మిర్యాలగూడలో పాత సామాన్ల దుకాణం ముందు ఒక టేప్‌రికార్డర్ చూశాను. మీకైతే ముచ్చటేసేదేమో, నాకు కోపమొచ్చింది.

కోదాడ కాన్వెంట్‌లో ఎనిమిది చదువుతుండగా, ఇంగ్లిష్ టీచర్ బడి మానేసి వెళ్తూ నాకొక క్యాసెట్ ఇచ్చింది. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఒకటి వేలమంది ముందు వాయించిన కచేరీ అది. ఇంట్లో నాదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది.

క్యాసెట్ అంచున రెండు గుంతలుండేవి, గుర్తుందా? వాటిలో కాగితం కుక్కితే పాత పాటల మీద కొత్తది రికార్డయ్యేది. సర్పంచి పదవికి నిలబడ్డ చిన్నాన్న అదే చేశాడు. పాటలు చెరిపి తన ప్రసంగం నింపాడు. మధ్యమధ్య జనం కొట్టిన చప్పట్లు మాత్రం ఉంచుకున్నాడు. ఆటో మైకులో ఆయన "బోర్లు ఏయిస్త" అనగానే ఇంగ్లండ్ జనం ఈలలు వేసేవారు.

నేను ఏడుస్తుంటే నవ్వాడు.

"గా అరుపులు నీకేం సమజైతయ్ బిడ్డా? చప్పట్లు సూడు, ఎంత మంచిగున్నయో!"

"అది నాది చిన్నాన్నా" అన్నాను.

"గెలిస్తే పది కొనిస్త తియ్."

ఓడిపోయాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. నేను మాత్రం రెండోసారి వడ్డించుకుని తిన్నాను, ఆయన ఎదురుగా కూర్చుని.