బొట్టు కింద నంబరు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా ఆయన పోయాక కూడా కలగలేదు. పోయినవాళ్లు తిరిగొచ్చేదే నిజమైతే, ముందు ఎవరెవరి ఇళ్లకు వెళ్లాలో నా దగ్గర పెద్ద పట్టీ ఉంది. ఆ ఇళ్లన్నీ జూబ్లీ హిల్స్‌లో చల్లగానే ఉన్నాయి. కాబట్టి ఇది చదివి నన్ను భయస్తురాలని అనుకోవద్దు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి మౌనిక రాస్తోంది. అక్కడక్కడ మర్యాదగా మార్చబోతే వద్దన్నాను.

మేముండేది కృష్ణానగర్‌లో, రెండో అంతస్తు, ఒకటే గది. మా ఆయన యాదగిరి షూటింగుల్లో సౌండ్ రికార్డ్ చేసేవాడు. భుజానికి సంచి, సంచిలో రికార్డర్, చెవులకు హెడ్‌ఫోన్. ఇరవై ఏళ్లు అదే పని. మూడు రోజులు సరిగా నిద్ర లేకుండా పనిచేసి, నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం ప్లేటు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు.

యూనిట్ వాళ్లు పూలదండ పంపారు. దండ వెంట మేనేజర్ వచ్చాడు. మనిషింకా గదిలో చాప మీదే ఉన్నాడు. "ఆయన కార్డులు ఎక్కడ పెట్టేవారండీ?" అని నన్నే అడిగాడు. సంచి వెతికి, సొరుగు వెతికి, రికార్డింగులున్న కార్డులు పాతవీ కొత్తవీ అన్నీ ఏరుకుని పోయాడు. పాతవి మీవి కావయ్యా అని చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు. ఆ మిషన్ మీద ఆయన రికార్డ్ చేసింది మా ఇంట్లో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. నాకు మంట పుట్టేది ఆ మరణం గురించి కాదు, ఆ సొరుగు గురించి.

రికార్డర్ మాత్రం మిగిలింది. ఏడాది మంచం కిందే ఉంది.

నేను జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. రోజూ ఆ గుట్ట ఎక్కి దిగి మోకాళ్లు అరిగిపోయాయి. కుట్టుపని నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. సినిమా బట్టలు కుట్టించే మేస్త్రి ఒకాయన, బట్ట అంచులు కుట్టే సొంత ఓవర్‌లాక్ మిషన్ ఉంటే ఇంటికే పని పంపుతానన్నాడు. రికార్డర్ అమ్మితే ఆ మిషన్ వస్తుంది. అమ్మకపోతే గుట్ట ఎక్కాలి. అంతే లెక్క.

ఫిల్మ్ నగర్ షాపులో అడిగితే పాత ఇనుముకు చెప్పినట్టు ధర చెప్పారు. అందుకే మౌనిక ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది. మొదట దొంగలే ఫోన్ చేశారు. ఒకడు మిలిటరీలో ఉన్నానన్నాడు. ఒక కోడ్ పంపి, అది స్కాన్ చేసి పిన్ కొడితే నీ ఖాతాలో డబ్బు పడుతుంది ఆంటీ అన్నాడు.

"డబ్బు నాకొచ్చేదైతే పిన్ నేనెందుకు కొట్టాలె బిడ్డా? నాకు చదువు రాదు, తెలివి ఉంది," అన్నాను. పెట్టేశాడు.

తర్వాత గౌహతి నుంచి ఒకతను చేశాడు. నెమ్మదిగా హిందీలో మాట్లాడాడు. వైర్ల గురించి, మైకు గురించి పనోడిలాగే అడిగాడు. మౌనిక అతనికి ఒకటే చెప్పింది, డబ్బు నేరుగా వద్దు, సైట్ ద్వారానే రావాలి అని. కొనేవాడు కట్టిన డబ్బు సైట్ వాళ్ల దగ్గరే ఉంటుంది, డబ్బా చేరి వస్తువు బాగుందని అతను చెప్పాక మనకు వేస్తారు. అతను సరేనన్నాడు, కట్టేశాడు. ప్యాకింగ్ మొత్తం మధ్యలో ఆపకుండా వీడియో తీయాలని, అందులో రికార్డర్ మిషన్ నంబరు కనబడాలని సైట్ వాళ్లు రాశారు.

ఆ నంబరు దగ్గరే నేను తప్పు చేశాను.

నంబరు మిషన్ అడుగున చిన్న కాగితం మీద ఉంటుంది. మా ఆయన ప్రతి దసరాకు మిషన్‌కు పూజ చేసి, సరిగ్గా ఆ కాగితం మీదే పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. పై భాగమంతా మీటలూ అద్దమూ, వాటి మీద పొడి పడకూడదని. పాత బొట్టు తుడిచేవాడు కాదు, దాని మీదే మళ్లీ పెట్టేవాడు. ఏళ్లకేళ్లు పేరుకుని అది గట్టిగా పెచ్చు కట్టింది. నంబరు కాదు కదా, కాగితమే కనబడదు. చెన్నైలో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు కాబట్టి బిల్లు కూడా లేదు.

మౌనిక తడిగుడ్డ తెచ్చింది. తుడవొద్దన్నాను.

"నంబర్ కనబడాలెనమ్మా. రూల్."

"కొనేటోడు మిషన్ కొంటుండా, నంబర్ కొంటుండా?"

"గట్ల కాదే. రేపు లొల్లి అయితే మన దగ్గర ఏముంటది?"

"ఏమైతే గదైతది. గుడ్డ ఆడ పెట్టు."

పదకొండో రోజు నా బొట్టు నలుగురు ఆడవాళ్లు చేరి తుడిచారు. వద్దంటే విన్నారా? ఆయన చేత్తో పెట్టిన బొట్టు ఇంక ఈ లోకంలో మిషన్ మీదే ఉంది. దాన్ని నా ఇంట్లో, నా ముందు తుడవనివ్వను. గౌహతిలో వాడు తుడుచుకుంటాడేమో, అది నేను చూడను కదా.

ఆదివారం మధ్యాహ్నం ప్యాక్ చేశాం. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి వీడియో మొదలుపెట్టింది మౌనిక. గదిలో మేమిద్దరమే. బ్యాటరీ తీసి వేరే కవర్లో పెట్టాం. మిషన్‌లో కార్డు లేదు. బబుల్ కవర్ చుట్టాం, డబ్బాలో పెట్టాం, టేపు వేశాం. సోమవారం కొరియర్‌లో వేశాం.

ఎనిమిది రోజులకు సైట్ నుంచి ఫోన్. గౌహతి అతను ఫిర్యాదు పెట్టాడు, పాడైపోయిన మిషన్ పంపారని. ఫొటో కూడా పెట్టాడు. అదే రకం మిషన్, అద్దం పగిలింది, అడుగున నంబరు తెల్లగా మెరుస్తోంది. పసుపు లేదు, కుంకుమ లేదు. వాడి దగ్గరున్న చచ్చిన మిషన్ మనదని చూపించి, మనది ఉంచుకున్నాడు.

సైట్ అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, మీ వీడియోలో నంబర్ కనిపించట్లేదండీ. మీరు పంపింది ఇదే మిషన్ కాదని ఎలా చెప్పమంటారు?"

"నా మిషన్‌కు బొట్టుంది బాబూ. గా ఫొటోల బొట్టేది?"

"బొట్టును మేము ప్రూఫ్‌గా తీసుకోలేమండీ."

మూడు రోజుల్లో నంబరు రుజువు చూపించకపోతే డబ్బు వాడికి తిరిగి వెళ్లిపోతుందన్నాడు. మిషన్ పోయింది, డబ్బు పోయింది. ఇంక చచ్చేదాకా గుట్ట ఎక్కాలి. ఆ రాత్రి నేను మా ఆయన ఫొటో గోడకు తిప్పి పెట్టాను.

మర్నాడు నర్సింలును పిలిపించాం. షూటింగులో మా ఆయన పక్కన పొడుగు కర్రకు మైకు కట్టి పట్టుకునేది ఇతనే. పదిహేనేళ్లు కలిసి పనిచేశారు. వీడియోలో ఎక్కడైనా నంబరు అంచయినా కనబడుతుందేమో చూడమన్నాం. మేం అప్పటికి ఆ వీడియో ఇరవైసార్లు చూశాం. చూడటమే, వినలేదు. కింద ఆటోల మోతలో ఆ చిన్న ఫోన్ స్పీకర్‌లో వినేదేముంది? నర్సింలుకు మాత్రం ఏది చూసినా హెడ్‌ఫోన్ పెట్టుకోవడం అలవాటు.

సగం దాకా చూసి ఆపాడు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. మూడోసారి విని హెడ్‌ఫోన్ తీసి నేల మీద పెట్టాడు.

"వదినె, ఇంట్ల ఎవరున్నరు అప్పుడు?"

"మేమిద్దరమే. ఏంది?"

"యాదన్న నంబర్ చదువుతుండు."

నేను తిట్టాను. తాగొచ్చావా అన్నాను. అతను హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టాడు.

మా ఆయన గొంతే. మైకుకు దగ్గరగా, నెమ్మదిగా. ఏడు అంకెలు. మూడు చదివి, ఆగి, మిగతా నాలుగు చదివాడు. ఎప్పుడో షూటింగ్ సామాను అద్దెకిచ్చే షాపులో మిషన్ మారిపోయి గొడవైందట. అప్పటి నుంచి రోజూ మొదటి రికార్డింగ్‌లో తన మిషన్ నంబరు చదివేవాడని నర్సింలు చెప్పాడు. నాకు ఆ సంగతే తెలియదు. నర్సింలుకు అలవాటు తెలుసు కానీ నంబరు తెలియదు.

మౌనిక ఆ అంకెలు కాగితం మీద రాసుకుంది. పాత సామాను అమ్మే పేజీల్లో నర్సింలు, అతని స్నేహితులు రెండు రోజులు వెతికారు. గౌహతి వాడు మా మిషన్‌ను వేరే పేరుతో అప్పుడే అమ్మకానికి పెట్టాడు. బొట్టు శుభ్రంగా కడిగి, నంబరు కనబడేలా దగ్గరగా ఫొటో తీసి పెట్టాడు వెధవ. ఏడు అంకెలూ అవే. కాగితం మూలన గీతలో కొంచెం ఎరుపు మిగిలి ఉంది. మా పాత ఫొటోల్లో మిషన్ పక్కన ఉన్న సొట్ట కూడా అందులో ఉంది. అవన్నీ పంపితే సైట్ వాళ్లు ఒప్పుకున్నారు, డబ్బు మాకే వేశారు. నంబరు మీకెలా తెలిసిందని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాళ్లమో నాకు తెలియదు.

ఓవర్‌లాక్ మిషన్ వచ్చింది. గుట్ట ఎక్కడం మానేశాను.

కానీ ఆయన మీద నా కోపం తీరలేదు. బ్యాటరీ లేదు, కార్డు లేదు, ఆ మిషన్ మాట్లాడే దారి లేదు. పక్క గదిలోంచి వచ్చిందనుకుందామంటే, ఆ నంబరు పక్క గదివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇంకొకటి ఉంది. ఆ గొంతు వినబడేంతసేపూ వీడియోలో నేనూ మౌనికా కదలకుండా ఉన్నాం. నా చేతిలో టేపు, దాని చేతిలో కత్తెర. ఇంట్లో ఏదైనా రికార్డ్ చేయబోతూ ఆయన సైలెన్స్ అంటే మేం అలాగే ఆగిపోయేవాళ్లం. ఆ రోజు మాకు ఏమీ వినబడలేదు. ఆగినట్టు గుర్తు కూడా లేదు.

ఏడాది పాటు నేను ఈ గదిలో ఒక్కదాన్నే ఏడ్చాను. అప్పుడు రాలేదు. మిషన్ పోతుంటే వచ్చాడు, వచ్చి అంకెలు చదివాడు. నా పేరు లేదు, బిడ్డ పేరు లేదు.

నర్సింలు మొన్న ఇంకో మాట చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది. అంకెలు అయిపోయాక ఆయన ఊపిరి పీల్చుకోవడం వినబడుతుందట, ఇంకేదో చెప్పబోయే మనిషి పీల్చుకున్నట్టు. నేనూ విన్నాను, నిజమే. సరిగ్గా అక్కడ వీడియోలో నేను కదిలాను. టేపును బర్రున లాగాను. నర్సింలు ఆ శబ్దాన్ని ఒక స్టూడియోలో పెట్టి తగ్గించి చూశాడు, కోసి చూశాడు. దాని కింద మాట ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.