ఉలి పట్టని వారం

మొన్న మా తలుపుకు బందులు బిగించడానికి వచ్చిన వడ్రంగి వేలికి గుడ్డ చుట్టుకుని ఉంటే, ఈ పూటకి పని ఇంకెవరికైనా అప్పజెప్పకపోయావా అన్నాను. "ఇంకెవరున్నారండి? ఎవడి పని వాడిదే కదండి," అని నవ్వాడు. ఆ మాట నిజం కావడంలో నా చెయ్యీ ఉంది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మండపేట వడ్రంగులందరిదీ అప్పట్లో ఒకటే జట్టు. బోర్డూ లేదు, రశీదులూ లేవు. ఏడాదికోసారి పనిముట్లకు కలిసి పూజ చేసుకునేవారు, ఒకరి చేతికి దెబ్బ తగిలితే తక్కినవాళ్లు తలా ఓ పూట వెళ్లి, అతను ఒప్పుకున్న పని అతని పేరు మీదే పూర్తిచేసి వచ్చేవారు. ఆ జట్టుకు పెద్ద, నాకు ఉలి పట్టడం నేర్పిన మా మేనమామ. కర్రల అడితీల్లో కూలికి చేసేవాళ్లం యూనియన్ పెట్టుకున్నప్పుడు, నాలుగక్షరాలు వచ్చినవాణ్ణని నన్ను కార్యదర్శిని చేశారు. అబ్బో, అప్పటి నా దర్జా చూడాలి! జట్టుండగా ఇదెందుకురా అని మావయ్య నవ్వాడే గాని అడ్డు చెప్పలేదు.

కూలి పెంచమని సమ్మెకు దిగిన వారంలోనే మావయ్య కుడి అరచేతిలో ఉలి దిగింది. ఆయన సొంతంగా ఒప్పుకున్న సింహద్వారం ఎత్తడానికి ముహూర్తం ఇంక మూడు రోజులే. జట్టువాళ్లు అప్పటికి యూనియన్‌లో చేరి ఉన్నారు కనక, వెళ్లమంటావా అని నన్నడిగారు. ఒక్కడు ఉలి పట్టినా యజమానులకు అలుసైపోతాం, మేనమామైనా సరే వీల్లేదన్నాను. సొంతవాడని కూడా చూడలేదని నలుగురూ మెచ్చుకుంటే పొంగిపోయాను, సిగ్గులేనివాణ్ణి. ఆ ఇంటివాళ్లు ద్వారబంధం వేరే ఊరినుంచి తెప్పించుకున్నారు. అంతవరకూ ఒక్క ముహూర్తమూ తప్పించని మనిషి, ఆపైన ఎవరి పనీ ఒప్పుకోలేదు.

సమ్మె గెలిచాం. ఆ పెరిగిన కూలితో ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, అది తప్పని ఇప్పటికీ అనను. మెడలో దండతోనే మావయ్య ఇంటికి వెళితే, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మజ్జిగ తెచ్చిన అత్తయ్య మాత్రం, "పని చెయ్యొద్దన్నావు, బానే ఉంది అబ్బాయ్. ఆ మూడ్రోజులూ మీ మావయ్య అరుగు మీదే కూచుని వీధి వంక చూశారు. ఒక్కరైనా ఊరికే వచ్చి పక్కన కూచోలేకపోయారా?" అంది.

ఒకరి పనికి ఒకరు వెళ్లడం ఆ వారంతోనే ఆగిపోయింది. ఇప్పుడా జట్టూ లేదు, మా యూనియనూ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? సమ్మెలో ఉలి పట్టకూడదు గాని, దెబ్బ తగిలినవాడి పక్కన కూర్చోకూడదని ఏ యూనియనూ చెప్పలేదు. అందరికంటే ముందు వెళ్లవలసినవాణ్ణి నేను. నాకే తోచలేదు.