కటింగ్ మాస్టారి కాలి కొలత

హైబ్రిడ్ సైకిల్ కొనడానికని కటింగ్ మాస్టారు ఆ కొట్టు మెట్లెక్కడం ఇది నాలుగో ఆదివారం. ఇన్నాళ్ళూ బేరం తెగక కాదు, అసలు మొదలే కాలేదు. తొమ్మిది వేలదీ, పద్నాలుగు వేలదీ, ఇరవై రెండు వేలదీ వరసగా నిలబెట్టి చూపిస్తే ఆయనకు మూడూ ఒకటే. ఏదీ ఎక్కువ అనిపించలేదు, ఏదీ తక్కువ అనిపించలేదు. ఒకప్పుడు గుండీల దగ్గర అరగంట బేరమాడిన మనిషి.

"పదిహేను దాటకండి. అలాగని మరీ చవకది తెచ్చి నడుం విరగ్గొట్టుకోకండి," అని భార్య చెప్పే పంపింది. ఆయన తలూపాడు. ఈమధ్య ఇంట్లో దేనికైనా తలూపడమే. కూరలో ఉప్పు తక్కువైందా అంటే ఊపుతాడు, ఎక్కువైందా అన్నా ఊపుతాడు.

రెండు నెలల క్రితం ఆయన తమ్ముడు నిద్రలోనే పోయాడు. ఒకే ప్యాంట్ల దుకాణంలో, ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి పదమూడేళ్ళు గుడ్డ కత్తిరించారు. పనికి వెళ్ళడమూ ఒకే సైకిల్ మీద. తమ్ముడు తొక్కేవాడు, అన్నగారు వెనక దర్జాగా కూర్చుని దారంతా సలహాలిచ్చేవాడు. ఆ సైకిల్‌ని కళ్ళెదుట చూడలేక మరదలు ఎవరికో ఇచ్చేసింది. అప్పటి నుంచి మాస్టారు పొద్దున గంటా, సాయంత్రం గంటా నడుస్తున్నాడు. కాళ్ళు నొప్పెడుతున్నాయో లేదో ఆయన గమనించలేదు గానీ, రోజూ ఆలస్యమవుతోందని దుకాణం యజమాని గమనించాడు. "నెలాఖరు దాకా చూస్తాను మాస్టారూ. తర్వాత ఇంకొకర్ని పెట్టుకోక తప్పదు," అని నెమ్మదిగానే చెప్పాడు. నెలాఖరుకి ఇంకా మూడు రోజులుంది.

సైకిళ్ళ కొట్టాయనకి తల ప్రాణం తోకకొచ్చింది. "ధర సంగతి తర్వాత. ముందు మీ సైజు తేలనివ్వండి. లోపలి కాలు కొలతెంత?"

కొలత అడిగితే మాస్టారికి ఆలోచనతో పనిలేదు. "ముప్పై మూడు," అన్నాడు టక్కున.

కొట్టాయన పెద్ద ఫ్రేముది దింపి పట్టుకున్నాడు. మాస్టారు కాలు అవతలికి వేశాడు. మునివేళ్ళు కూడా నేలకి ఆనలేదు.

"ఇది మీ కొలత కాదండీ. ఎవరిది?"

"మా తమ్ముడిది."

పైకి అన్నాక గానీ ఆయనకే తెలియలేదు. ఊరందరి ప్యాంట్లూ కత్తిరించిన మనిషి, తనది మాత్రం ఏనాడూ కత్తిరించుకోలేదు. ఒంగి కొలుచుకుంటే లెక్క తప్పుతుంది. అందుకని తమ్ముడిది ఆయన కత్తిరించేవాడు, ఆయనది తమ్ముడు. ఎవరి కొలతా ఎక్కడా రాసిపెట్టలేదు.

"అయితే ఆయన్ని కూడా తీసుకురండి, ఇద్దరికీ చూద్దాం."

"రాడు."

కొట్టాయన టేపు తెచ్చాడు. ప్యాంటు కొలతకి తన దగ్గరికొచ్చే వాళ్ళంతా నిలబడేట్టే మాస్టారు కూడా చేతులు వదిలేసి, ఎదురుగా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇరవై తొమ్మిది."

ఆ సైజులో ఉన్నది పద్నాలుగు వేలది ఒక్కటే. ఎంత పెట్టాలన్న నెల రోజుల ప్రశ్న అలా తీరిపోయింది. తగ్గించమని కూడా అడగకుండా డబ్బు ఇచ్చేశాడు.

బిల్లు చేతికిస్తుంటే మాత్రం ఆపాడు. "ఆ కొలత కూడా రాయండి."

"సైకిల్ తీసుకున్నారుగా, ఇక దాంతో పనేముంది?"

"రాయండి. అది తెలిసినవాడు ఒక్కడే. వాడు చచ్చిపోయాడు."

రెండు నెలల్లో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.